పారిపోయినవాళ్ల పేర్లు ఎవరి పుస్తకంలో ఉంటాయి?

పాత కాగితాలు, వంశావళులు, ఇంటి రికార్డుల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని. ఈమధ్య ఇండియానాలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి పోయి కొన్నాళ్లు ఉండి వచ్చిన. పక్కింటి పెద్దావిడ ఇంటిపేరు కాఫిన్. బానిసలను ఇంట్లో దాచి కెనడా దాకా తప్పించిన లెవీ కాఫిన్‌ది, తమదీ ఒకటే వంశమని ఇంటి బైబిల్లో రాసుకున్న వంశావళి చూపించింది. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ ఉన్నాయి. తప్పించిన మనుషుల పేరు మాత్రం ఒక్కటీ లేదు. అంత పని చేసినవాళ్లు ఎక్కడో ఒకచోట రాసుకోకుండా ఉంటారా? నాకైతే అనుమానమే.
— ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: సార్, పేర్లు లేవని మీకు అనుమానం వచ్చింది గానీ, నన్నడిగితే ఉంటేనే అనుమానించాలి. 1850లో అమెరికా చేసిన చట్టం ప్రకారం పారిపోయిన బానిసను దాచినా, తప్పించినా వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. దానికి ముందు కూడా 1793 నాటి చట్టం ఉండనే ఉంది. అలాంటి రోజుల్లో ఫలానా రాత్రి ఫలానావాళ్లు వచ్చారు, తెల్లారక ముందే బండెక్కించాం అని ఇంటి పుస్తకంలో రాసుకోవడమంటే నేరం ఒప్పుకుని సంతకం పెట్టడమే. ఆ కాగితం ఎవరి చేతిలోనైనా పడితే పారిపోయిన మనిషి ఎటు పోయాడో కూడా తెలిసిపోతుంది, ఆశ్రయమిచ్చినవాళ్లకు జరిమానాతో పోతుందేమో గానీ అతను మళ్లీ సంకెళ్లలోకే.

లెవీ కాఫిన్ 1798లో నార్త్ కరోలినాలోని న్యూ గార్డెన్‌లో క్వేకర్ కుటుంబంలో పుట్టాడు. క్వేకర్లంటే 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మొదలైన ఒక క్రైస్తవ శాఖ, పాస్టర్ లేకుండా అందరూ మౌనంగా కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్లు, తమను తాము ‘ఫ్రెండ్స్’ అని పిలుచుకుంటారు. ఆరుగురు ఆడపిల్లల మధ్య లెవీ ఒక్కడే కొడుకు. 1824లో కేథరిన్ వైట్‌ను పెళ్లి చేసుకుని, 1826లో ఇండియానాలోని న్యూపోర్ట్‌కి మకాం మార్చాడు. ఆ ఊరినే ఇప్పుడు ఫౌంటెన్ సిటీ అంటున్నారు. మీ అమ్మాయి ఎలాగూ ఇండియానాలోనే ఉంది కాబట్టి ఈసారి వెళ్తే ఆ ఇల్లు చూసి రండి. 1839లో కట్టిన ఇటుకల ఇల్లు, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటోంది. మేడ మీద గదిలో చూరు కిందికి దూరడానికి ఒక చిన్న తలుపు ఉంటుంది, మంచం జరిపితే కనబడదు. బావి ఇంటి లోపలే, నేలమాళిగలో ఉంటుంది. ఇంటిల్లిపాదికీ కావాల్సిన దానికన్నా ఎక్కువ నీళ్లు రోజూ బయట నుంచి మోస్తుంటే ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది కదా. కాగితం మీద పెట్టలేని విషయం ఆ ఇంటి కట్టడంలో ఉందన్నమాట.

మరి లెవీ కాఫిన్ మూడు వేల మందిని తప్పించాడని అంటుంటారు కదా, ఆ లెక్క ఎక్కడిదంటారా? అది రిజిస్టర్ చూసి కూడిన లెక్క కాదు. న్యూపోర్ట్‌లో ఉన్న ఇరవై ఏళ్లలో సగటున ఏడాదికి నూరు మందికి పైనే వచ్చారని ఆయనే తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. 1847లో సిన్సినాటికి మారి, బానిసల చెమట లేకుండా పండిన పత్తి, చక్కెర లాంటివే అమ్మే వ్యాపారం పెట్టాక వచ్చినవాళ్లు దానికి అదనం. ఆ పుస్తకం వచ్చింది 1876లో, అంటే బానిసత్వం రద్దయి పదేళ్లు దాటాక, ఆయన చనిపోవడానికి ఏడాది ముందు. భయం పోయాక, ముసలితనంలో గుర్తుచేసుకుని చెప్పిన అంకె అది. ఆయన చేసిన పని మీద నాకు ఏ అనుమానమూ లేదు. అంకెను మాత్రం అంచనాగానే తీసుకుంటాను. ఇంకో సంగతి, తాను రాకముందే న్యూపోర్ట్ చుట్టుపక్కల ఉన్న స్వతంత్ర నల్లజాతి కుటుంబాలు ఈ పని చేస్తున్నాయని ఆయనే ఒప్పుకున్నాడు. వంశగౌరవం చెప్పుకునేటప్పుడు మనుమలూ మునిమనుమలూ ఈ ముక్క వదిలేస్తుంటారు, మీ పక్కింటావిడ చెప్పిందో లేదో మీకే తెలియాలి.

ఇక ఆవిడ నిజంగా ఆ వంశమేనా అంటే, ఇంటిపేరు ఒక్కటి చూసి ఒప్పుకోకండి. ట్రిస్ట్రమ్ కాఫిన్ అనే ఆయన 1642లో ఇంగ్లండ్ నుంచి మసాచుసెట్స్‌కి వచ్చాడు, ఆ కుటుంబం తర్వాత నాన్‌టకెట్ దీవిలో స్థిరపడింది. అక్కడి నుంచి వంశం తామరతంపరగా పెరిగింది. బానిసత్వం రద్దు కోసం పోరాడిన లుక్రీషియా మాట్ కూడా పుట్టింటి పేరు కాఫినే, 1793లో ఆ దీవిలోనే పుట్టింది. ఇంటిపేరు కలిసిందని కాజీపేటలో ఒకాయన, కరీంనగర్‌లో ఒకాయన పాలివాళ్లు అయిపోతారా? ఇదీ అంతే. తరం తర్వాత తరం కాగితం కలవాలి.

ఆ విషయంలో క్వేకర్లు మనకన్నా అదృష్టవంతులు. పిల్లలకు బాప్తిస్మం ఇచ్చే ఆచారం లేదు కాబట్టి పుట్టుక తేదీనే రిజిస్టర్‌లో రాసేవాళ్లు. వాళ్ల స్థానిక సంఘాన్నే ‘మీటింగు’ అంటారు. ప్రతి నెలా జరిగే మీటింగుకు మగవాళ్ల మినిట్స్ పుస్తకం వేరు, ఆడవాళ్లది వేరు. ఊరు మారితే పాత మీటింగు ఒక సర్టిఫికెట్ ఇస్తుంది, కొత్త మీటింగు దాన్ని నమోదు చేసుకుంటుంది. అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది పెళ్లి సర్టిఫికెట్. వధూవరులే కాదు, పెళ్లికి వచ్చినవాళ్లు కూడా సాక్షులుగా కింద సంతకాలు చేస్తారు. ఆ ఒక్క కాగితం దొరికితే అత్తలు, మేనమామలు, వదినలు అందరూ వరసగా పట్టుబడతారు. నార్త్ కరోలినా పుస్తకాలు ఎక్కువగా గ్రీన్స్‌బరోలోని గిల్‌ఫర్డ్ కాలేజీలో ఉన్నాయి, ఇండియానా వైపు వాటి కోసం రిచ్‌మండ్‌లోని ఎర్లమ్ కాలేజీని అడగాలి. అది ఫౌంటెన్ సిటీకి దగ్గరే. ఇంటి బైబిల్ తప్పుడు కాగితమని కాదు, చాలాసార్లు అది తర్వాతి తరంలో ఎవరో ఒకరు కూర్చుని ఒకే సిరాతో, ఒకే దస్తూరితో రాసింది అయి ఉంటుంది. బైబిల్ అచ్చయిన సంవత్సరం, అందులోని మొదటి పుట్టుక తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే సగం విషయం అక్కడే తేలుతుంది.

మీ అసలు ప్రశ్న మిగిలింది, పారిపోయినవాళ్ల పేర్లు ఎక్కడ? అన్నీ పోలేదు. ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేక సంఘం ఆఫీసులో విలియం స్టిల్ అనే నల్లజాతి ఉద్యోగి ఉండేవాడు. 1850లో ఒక పెద్ద వయసు మనిషి వచ్చి, చిన్నప్పుడు విడిపోయిన తల్లిదండ్రులను వెతుకుతున్నానని వాళ్ల పేర్లు చెప్పాడు. వింటుంటే అవి స్టిల్ సొంత అమ్మానాన్నల పేర్లు. ఆ వచ్చినవాడు తాను ఎన్నడూ చూడని సొంత అన్న, పీటర్! అక్కడి నుంచి స్టిల్ వచ్చిన ప్రతి ఒక్కరి పాత పేరు, పెట్టుకున్న కొత్త పేరు, వయసు, యజమాని ఎవరు, వెనక ఎవరిని వదిలి వచ్చారు అన్నీ శ్రద్ధగా రాయడం మొదలుపెట్టాడు. ప్రమాదం పెరిగినప్పుడు ఆ కాగితాలను ఒక శ్మశానవాటికలో దాచాడు, 1872లో పుస్తకంగా వేశాడు. క్వేకర్లు తమ పెళ్లిళ్లు, చావులు ఎంత పద్ధతిగా రాసుకున్నారో, ఈయన చెల్లాచెదురైన కుటుంబాల కోసం అంత పద్ధతిగా రాశాడు. నా దృష్టిలో ఆ కాలపు అసలైన కుటుంబ రికార్డు ఇదే.

మిగతా పేర్లు ఎక్కువగా వెంటపడ్డవాళ్ల కాగితాల్లోనే దొరుకుతాయి, చెప్పడానికి చేదుగా ఉంటుంది గానీ నిజం. పత్రికల్లో యజమానులు వేయించిన ప్రకటనలు చూడండి, పేరు, వయసు, నడక, ఒంటి మీది మచ్చ, వేసుకున్న బట్టలు, పట్టిస్తే ఇచ్చే సొమ్ము అన్నీ ఉంటాయి. కోర్టు దస్త్రాలు కూడా అంతే. డెలావేర్‌లోని థామస్ గారెట్ అనే క్వేకర్ మీద ఒక కుటుంబాన్ని తప్పించాడని దావా వేస్తే 1848లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ స్వయంగా కూర్చుని విచారించాడు, గారెట్‌కి గట్టి జరిమానా పడింది. హాకిన్స్ అనే ఆ కుటుంబం పేరు మనదాకా వచ్చిందంటే ఆ కేసు వల్లే. ప్రభుత్వం తీసిన లెక్కలతో లాభం తక్కువ. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టీ ఉంది, దాదాపు ప్రతి పేజీలోనూ యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే, పేరుండదు. వాళ్లందరూ పేర్లతో సహా లెక్కకెక్కింది 1870లో.

క్వేకర్ పుస్తకాల్లోనే బానిసల జాడ వెతకాలంటే ఒక విచిత్రమైన చోటుంది. నార్త్ కరోలినాలో ఇష్టమొచ్చినట్టు బానిసను విడుదల చేయడానికి చట్టం ఒప్పుకునేది కాదు, విడిచిపెడితే పట్టుకుని మళ్లీ అమ్మేసేవాళ్లు. అందుకని 1808 నుంచి అక్కడి క్వేకర్ల వార్షిక సభే సభ్యుల దగ్గరున్న బానిసలను కాగితం మీద తన పేరిట తీసుకుంది. బానిసత్వం వద్దన్న సంఘమే చట్టం కళ్లకు బానిసల యజమాని అయి కూర్చుందన్నమాట! కాబట్టి సంఘం లెక్కలు కూడా వదలకుండా చూడాలి. క్వేకర్లందరూ మొదటి నుంచీ పులుగడిగిన ముత్యాలని కూడా అనుకోకండి, ఫిలడెల్ఫియా సభ తన సభ్యులు బానిసలను ఉంచుకోకూడదని తేల్చింది 1776లో, దానికి ముందు చాలామంది ఇళ్లలో బానిసలు ఉన్నారు.

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మే హిస్టరీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం క్వేకర్ రిజిస్టర్ల స్కాన్లు చూస్తుంటే తేదీల దగ్గరే టెన్షన్ వచ్చేస్తోంది. నెల పేరు ఉండదు, ‘పదో నెల’ అని ఉంటుంది. మధ్యలో ఏవో పొడి అక్షరాలు. చాలామంది పేరు పక్కన సంఘం నుంచి తీసేసినట్టు ఉంది, వాళ్లంతా ఏం తప్పు చేశారు?
— ఓ విద్యార్థిని, వరంగల్

జవాబు: నెలలకూ వారాలకూ ఉన్న పాత దేవుళ్ల పేర్లు వాళ్లకు నచ్చేవి కావమ్మా, అందుకే అంకెలు. 1752లో ఇంగ్లండ్, దాని వలసలు క్యాలెండర్ మార్చాయి. ఆ తర్వాత తేదీలకు చిక్కు లేదు, లెవీ కాఫిన్ పుట్టిన పదో నెల అక్టోబరే. అంతకుముందు తేదీల్లో మొదటి నెల అంటే మార్చి, కాబట్టి పదో నెల డిసెంబర్ అవుతుంది. 1752 దగ్గర నోట్‌బుక్‌లో ఒక గీత గీసి పెట్టుకో, చాలు.

పొడి అక్షరాలు 1936 నుంచి అచ్చయిన హిన్‌షా సంపుటాల్లోవి, అంటే క్వేకర్ రిజిస్టర్ల నుంచి వివరాలు ఎత్తి కూర్చిన పుస్తకాల్లోవి అయి ఉంటాయి. జీసీటీ అంటే ఫలానా మీటింగుకు బదిలీ సర్టిఫికెట్ ఇచ్చారని, ఆర్ఓసీఎఫ్ అంటే ఫలానా చోటి నుంచి తెచ్చినది తీసుకున్నారని, ఎంఓయూ అంటే సంఘం కట్టుబాటు దాటి పెళ్లి చేసుకున్నారని. తీసేసినవాళ్లలో ఎక్కువమంది చేసిన ‘తప్పు’ ఈ మూడోదే, క్వేకర్ కానివాళ్లను చేసుకోవడం. అయితే 1843 దగ్గర ఇండియానా పుస్తకాలు చూస్తుంటే జాగ్రత్త. బానిసత్వం మీద మరీ గట్టిగా మాట్లాడుతున్నారని అంతకుముందు ఏడాది కొందరిని సంఘం కమిటీల నుంచి తప్పించారు, దాంతో దాదాపు రెండు వేల మంది విడిపోయి న్యూపోర్ట్ కేంద్రంగా వేరే సభ పెట్టుకున్నారు, అందులో లెవీ కాఫిన్ కూడా ఉన్నాడు. కొన్నేళ్లపాటు అలాగే నడిచింది. ఆ ఏళ్లలో ఒకరి పేరు పాత పుస్తకంలో మాయమైతే మనిషి చనిపోయాడనో చెడిపోయాడనో రాసేయకు, విడిపోయినవాళ్ల పుస్తకం కూడా చూడు.

ప్రశ్న: మా ముత్తాత జనగామ దిక్కు ఒక దొర దగ్గర జీతగాడట. బాకీ తీరకముందే ఒక రాత్రి భార్యాపిల్లలను తీసుకుని ఊరు దాటిండట. దారిలో ఎవరో వాళ్ల ఇంట్ల దాచిపెట్టి, తర్వాత వరంగల్ పంపితే ఆజంజాహి మిల్లులో చేరిండని మా నాయనమ్మ చెప్పేది. ఇది ఏ రికార్డులోనైనా దొరుకుతుందా?
— ఓ పాఠకుడు, కాశిబుగ్గ

జవాబు: తమ్ముడూ, అమెరికా బానిసత్వం, మన బగేలా (బాకీ కింద చేసే వెట్టి జీతం) ఒకటి కాదు, అక్కడ మనిషినే సంతలో అమ్మేవాళ్లు, ఇక్కడ బాకీ పేరుతో తరాల తరబడి కట్టేసేవాళ్లు. కాకపోతే దాచినవాళ్లు రాయకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే. బగేలా ఒప్పందాలకు నిజాం ప్రభుత్వం 1936లో నిబంధనలు పెట్టింది గానీ పల్లెల్లో దొర మాటే నడిచింది. కాబట్టి మీ ముత్తాత పారిపోయినట్టు చెప్పే కాగితం దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఆయన ఆ ఊళ్లో ఉన్నట్టు, తర్వాత వరంగల్‌లో ఉన్నట్టు చూపించగలిగితే మధ్యలో దాటడం మీ నాయనమ్మ మాటతో నిలబడుతుంది.

వరంగల్ వైపు నుంచి మొదలుపెట్టండి. మిల్లు వచ్చింది 1934లో. పాత జీతం చీటీ, గుర్తింపు కార్డు, పీఎఫ్ కాగితం, యూనియన్ రసీదు లాంటివి ఇంట్లో ఇనుప పెట్టె అడుగున ఉన్నాయేమో చూడండి, ఆయనతో పనిచేసినవాళ్ల పిల్లలు మీ కాశిబుగ్గలోనే ఉంటారు, అడగండి. ఊరి వైపు, 1954-55 ఖాస్రా పహాణీలో (ఊరి భూముల రికార్డు) పట్టాదారు పేరుతోపాటు సాగులో ఉన్న మనిషి పేరు కూడా రాశారు. మీ ముత్తాత అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆయన అన్నదమ్ములను వెతకండి. 1950 కౌలు చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టర్ కూడా అడగాలి, భూమి లేని జీతగాడి పేరు అందులో ఉండకపోవచ్చు గానీ పాలివాళ్లది ఉండొచ్చు. మీ కులానికి వంశాలు చెప్పేవాళ్లు ఉంటే, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు ఉన్నట్టు, వాళ్లను పిలిచి వినండి. గోత్రం, మూలం చెబుతారు, మీ ముత్తాత ఒక్కడి దాకా వస్తుందని నేను గ్యారంటీ ఇవ్వను.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది, నాయనమ్మ దగ్గర ఈ కథ విన్నవాళ్లు ఎందరు మిగిలి ఉంటే అందరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. కలిపి కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్ల కథే అందరి కథ అవుతుంది. దాచిన ఇల్లు ఏ ఊరిదో ఒక్కరైనా చెబితే అక్కడికి వెళ్లండి, ఆ ఇంట్లో వాళ్ల వైపు కథ వాళ్లకుంటుంది. ఊరు దాటిన ఏడు ఎవరికీ గుర్తుండదు, అప్పుడు ఏ బిడ్డ చంకలో ఉంది, రజాకార్ల గొడవకు ముందా తర్వాతా అని అడిగితే చెబుతారు.

పాత దస్త్రాల్లో ఫసలీ సంవత్సరం (నిజాం కాలపు రెవెన్యూ లెక్కల ఏడాది) ఉంటే 590 కలపండి, ఇంగ్లిష్ సంవత్సరం సుమారుగా వస్తుంది. సేత్వార్ (పాత భూమి సర్వే రికార్డు) లాంటివి ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లను ముందే మాట్లాడి పెట్టుకోండి. దరఖాస్తులో ఇప్పటి మండలం పేరుతోపాటు పాత తాలూకా, జిల్లా కూడా రాయండి, నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది, మీరు వరంగల్ జిల్లా కట్టల్లోనే వెతికిస్తే లేదనే అంటారు.