ఆదివారం ఇల్లు దులిపితే బాబుకు ఆయాసం: తీరిక లేని ఇంట్లో శుభ్రత ఎలా?

ప్రశ్న: మాది ఒంగోలు, కర్నూలు రోడ్డు పక్కనే ఇల్లు. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయినిని. మావారు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. వారమంతా తీరిక దొరకదు కనుక బూజు దులపడం, పరుపులు దులపడం, ఫినాయిల్‌తో గచ్చు కడగడం అన్నీ ఆదివారమే పెట్టుకుంటున్నాను. సాయంత్రానికి నా నడుము పట్టేస్తోంది. ఎనిమిదేళ్ల మా బాబుకు ఆ రాత్రి పిల్లికూతలు, ఆయాసం వస్తున్నాయి. మామూలు రోజుల్లో కూడా నిద్ర లేవగానే వరుసగా తుమ్ముతాడు. ఇంత శుభ్రం చేసినా ఎందుకిలా జరుగుతోంది? - ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: బాబుకు తుమ్ములు నిద్ర లేవగానే రావడం, ఆయాసం ఆదివారం రాత్రే రావడం - ఈ రెండూ మనకు దారి చూపిస్తున్నాయి. మొదటిదానికి కారణం పడకలో, రెండోదానికి కారణం మీరు దులిపే పద్ధతిలో ఉండే అవకాశం ఎక్కువ. మీ శ్రమలో లోపమేమీ లేదు. వారం రోజులుగా పేరుకున్న దుమ్మంతా ఒకే పూట గాలిలోకి లేవడం, దాన్ని బాబు పీల్చడమే ఇబ్బంది. అందువల్ల పనిని పెంచనక్కరలేదు. వరుస మార్చి, వారం మీద పంచితే చాలు.

పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని సూక్ష్మమైన పురుగులు ఉంటాయి. వీటిని డస్ట్ మైట్లు అంటాం. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటి ఆహారం. వాటి మలంలోని ప్రొటీన్లు ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి చేరినప్పుడు అలర్జీ ఉన్న పిల్లలకు తుమ్ములు, పిల్లికూతలు మొదలవుతాయి. గాలిలో తేమ ఉన్నచోట ఇవి బాగా పెరుగుతాయి కనుక సముద్రానికి దగ్గరగా ఉన్న ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల్లో, అందులోనూ ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరింత జాగ్రత్త అవసరం. ఆ నెలల్లో తడిబట్టలు పడకగదిలో ఆరేయకండి. గోడలకు తేమ బూజు (ఫంగస్) పట్టడానికి అది కూడా ఒక కారణం.

కాబట్టి ఎంత తీరిక లేకపోయినా వదలకూడని గది బాబు పడుకునే గది. చుట్టాలు కూర్చునే హాలు, షోకేసు ఒక వారం ఆగినా నష్టం లేదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి ఉతకాలి. మెషీన్‌లో వేడినీటి సదుపాయం ఉంటే 60 డిగ్రీల దగ్గర పెట్టండి, పురుగులు చనిపోతాయి. లేకపోతే చన్నీళ్లతో ఉతికినా అలర్జీ కలిగించే పదార్థం చాలావరకు నీళ్లతో పోతుంది. తర్వాత మంచి ఎండలో ఆరేయండి. పరుపును ఎండలో వేయడం మంచి అలవాటే. అయితే దాన్ని కర్రతో కొట్టే పని బాబు ఇంట్లో ఉన్నప్పుడు, గది లోపల చేయవద్దు. పరుపుకు, దిండుకు జిప్పు ఉన్న దళసరి కవరు తొడిగితే మీ పని సగం తగ్గుతుంది. మంచం కింద దాచిన అట్టపెట్టెలను, వాడని పాత బొంతలను ఆ గదిలోంచి తీసేయండి.

ఇక రోజువారీ పని. ఉదయం కిటికీలోంచి ఎండ పడుతున్నప్పుడు పొడి చీపురుతో ఊడ్చి చూడండి. ఆ వెలుగులో సన్నటి నలకలు పైకి లేచి, మీరు ఊడ్చడం ముగించాక కూడా తేలుతూనే ఉంటాయి. అదే గదిని తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము గుడ్డకు అంటుకుంటుంది. అందుకే పడకగదిలో చీపురు మానేసి, నిలబడి తుడిచే పొడుగు కర్ర మాపును రోజూ పది నిమిషాలు వాడమంటాను. మీ నడుముకూ అదే మేలు. బూజు నెలకోసారి దులిపినా చాలు, అదీ కర్రకు తడిగుడ్డ చుట్టి. దుమ్ము లేచే పని ఏదైనా బాబు బడిలోనో ఆటలోనో ఉన్నప్పుడు చేసి, కిటికీలు తెరిచి, కనీసం అరగంట దాటాకే అతన్ని గదిలోకి రానివ్వండి.

మీవారికి కూడా ఒక మాట చెప్పాలి. రాళ్లు కోసి పాలిష్ చేసే చోట మెత్తటి రాతిపొడి బట్టలకు, జుట్టుకు పట్టి ఇంటికి వస్తుంది. ఆయన వచ్చీరాగానే బాబును ఎత్తుకోకుండా ముందు స్నానం చేయాలి. విప్పిన బట్టలను దులపకుండా విడిగా బకెట్లో నానబెట్టాలి. ఆ బట్టలు ఉతకడం, రాత్రి వంటగది గట్టు తుడిచి చెత్తబుట్టకు మూత పెట్టడం ఆయన వంతు చేసుకుంటే మీకు భారం తగ్గుతుంది. ఇంటి శుభ్రత మీ ఒక్కరి బాధ్యత కాదని నేను గట్టిగా నమ్ముతాను. వంటగది రాత్రిపూట శుభ్రంగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే బొద్దింకల వల్ల కూడా పిల్లల్లో ఆయాసం పెరుగుతుంది. అత్తయ్యగారు కూర్చుని బట్టలు మడతపెట్టగలిగితే అదీ సాయమే.

ఇక దోమల సంగతి. శుక్రవారం నీళ్ల డ్రమ్ములు, కూలర్, ఫ్రిజ్ వెనుక ట్రే ఖాళీ చేయండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికోసారి చేస్తే చాలు. కానీ గుడ్లు పాత్ర లోపలి గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోయడంతో పోవు. పీచుతో రుద్దాలి.

ఫినాయిల్ ఘాటు ఆయాసం ఉన్న పిల్లలకు పడదు. గచ్చుకు మామూలు నీళ్లు, కొద్దిగా సబ్బు నీళ్లు సరిపోతాయి. మరుగుదొడ్డికి వాడే యాసిడ్ ద్రావణాన్ని, బ్లీచింగ్ పౌడర్‌ను ఎప్పుడూ కలపవద్దు. వాటి నుంచి వెలువడే క్లోరిన్ వాయువు పెద్దల ఊపిరితిత్తులను కూడా దెబ్బతీస్తుంది.

ఇవన్నీ మందులకు తోడే తప్ప మందులకు బదులు కావు. పిల్లికూతలు పదేపదే వస్తున్నాయి కనుక బాబును పిల్లల వైద్యునికి గాని, ఊపిరితిత్తుల నిపుణునికి గాని తప్పక చూపించండి. ఈ వయసు పిల్లలు ఊదే పరీక్ష చేయగలరు, ఉబ్బసాన్ని గుర్తించడానికి అది సాయపడుతుంది. వైద్యులు ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడి మానవద్దు. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారే వరకు ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.