స్కాట్ బృందమూ, కిరోసిన్ డబ్బా మూతా

1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చనిపోవడానికి ఆ ఏడాది పడిన అసాధారణమైన చలే కారణమా అని అడిగారు. చలి ఎక్కువగా ఉన్న మాట నిజమే కానీ, లద్దాఖ్‌లో మూడు శీతకాలాలు సైన్యం సరుకుల గోదాము చూసుకున్నవాడిగా నేను అసలు ముద్దాయిగా నిలబెట్టేది కిరోసిన్ డబ్బా మూతనే.

ఒక జనవరి ఉదయం బుఖారీలో (గది వెచ్చబెట్టే పొయ్యిలో) పోయడానికి ఇరవై లీటర్ల జెర్రికాన్ ఎత్తబోతే, బరువుకు సిద్ధపడిన నా చెయ్యి ఒక్కసారిగా పైకి లేచిపోయింది. డబ్బాకు చిల్లు లేదు, మూత బిగించే ఉంది. విప్పి చూస్తే లోపలి రబ్బరు వాషర్ చలికి గిడసబారి, వేయించని అప్పడంలా వేళ్ల మధ్య పుటుక్కున విరిగింది. కారిన నూనంతా కింది గోధుమపిండి బస్తాలో ఇంకిపోగా, ఆ వాసన రొట్టెలనే పది రోజులు తిన్నాం. రిజిస్టరులో మాత్రం ఇరవై లీటర్లూ పదిలంగా ఉండటంతో, తరుగుకు సంజాయిషీ రాయవలసింది నేనే అయింది. వాషర్లు కొన్నవారిని ఎవరూ ఏమీ అడగలేదు.

స్కాట్ డబ్బాలకు ఉన్నవి తోలు వాషర్లు. తిరుగు ప్రయాణంలో డిపోలకు, అంటే దారిలో ముందే తిండీ నూనే దాచి ఉంచిన చోట్లకు, చేరినప్పుడు ఉండవలసినదానికంటే నూనె తక్కువగా ఉందని ఆయన తన డైరీలోనే రాసుకున్నాడు. నూనె లేకపోతే మంచు కరగదు, మంచు కరగకపోతే తాగడానికి నీళ్లుండవు. చివరి గుడారం వన్ టన్ డిపోకు 11 మైళ్ల దూరంలో ఆగిపోయింది. 1912 నవంబరులో వారిని వెతుకుతూ వెళ్లినవారు ఆ డిపోలోనే, పైన పెట్టిన డబ్బా నుంచి నూనె కారి కింది ఆహారం కొంత పాడైపోయి ఉండటం చూశారు. అది చదివినప్పుడు నాకు మా పిండి బస్తా వాసన తగిలింది.

స్కాట్ కంటే ముందే ధ్రువం చేరిన నార్వే అన్వేషకుడు అమండ్‌సెన్‌కు ఉత్తర ధ్రువం వైపు చేసిన పాత యాత్రల అనుభవం ఉంది కనుక, కారే సందు లేకుండా డబ్బాలకు మాటు వేయించాడు. ఆయనను స్లెడ్జిలు లాగిన కుక్కలే గెలిపించాయనేవారు ఈ పని గురించి ఒక్క ముక్క కూడా రాయకపోవడం నాకు విసుగు తెప్పిస్తుంది.

స్కాట్ వాళ్లు చివరిదాకా లాగిన 16 కిలోల రాళ్లను పారేసి ఉంటే బతికేవారనే వాదన కూడా నాకు ఎక్కదు. ఆ రాళ్లలో మన గోదావరి లోయ బొగ్గు పొరల్లో కనిపించే గ్లోసోప్టెరిస్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన మొక్క ఆకుల శిలాజాలున్నాయి. వాటిని పారేసినంత మాత్రాన పొయ్యిలోకి ఒక్క చుక్క నూనె వచ్చేది కాదు.