అమ్మలూ, నీ ఎడమ కాలు జాగ్రత్త

అమ్మలూ,

వచ్చే నెల నుంచి కారు నువ్వే నడుపుకుంటూ వెళ్తానన్నావనీ, అదీ గేర్ల బండే కావాలని పట్టుబట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నా ధ్యాసంతా నీ కాళ్ళ మీదకి పోయింది. సైకిల్ తొక్కే రోజుల్లో పల్లం వస్తే చాలు, పెడళ్ళు వదిలేసి రెండు కాళ్ళూ గాల్లోకి చాపేదానివి. ఎంత తిట్టినా మానలేదు. ఆ కాళ్ళ కోసమే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. క్లచ్ అడుగుదాకా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు జరుపుకో. అడుగు పలచగా ఉన్న బూట్లు వేసుకో. క్లచ్ కింద మ్యాట్ మడతపడి ఉందేమో చూసుకో, అది అడ్డుపడితే క్లచ్ పూర్తిగా దిగదు, గేరు కరకరమంటుంది. స్టార్ట్ చేసే ముందు బండి న్యూట్రల్‌లో, అంటే ఏ గేరూ పడకుండా, ఉందో లేదో చూసుకో. ఇవన్నీ నేర్పేవాళ్ళు ఎలాగూ చెప్తారు.

వాళ్ళు చెప్పకుండా వదిలేసేది, లోపల ఏం జరుగుతుందన్నది. ఇంజన్ వెనక ఫ్లైవీల్ అని బరువైన చక్రం తిరుగుతుంటుంది. గేర్‌బాక్స్ వైపు నుంచి వచ్చిన క్లచ్ ప్లేటుని ప్రెషర్ ప్లేటు దాని మీద అదిమి పట్టుకుంటుంది. నువ్వు క్లచ్ తొక్కితే ఆ పట్టు విడిపోతుంది, వదిలితే మళ్ళీ బిగుస్తుంది. రెంటికీ మధ్యలో, ప్లేటు రాసుకుంటూ పట్టు అందుకునే చోటొకటి ఉంటుంది. దాన్నే బైటింగ్ పాయింట్ అంటారు. అది ఒక్కో బండికి ఒక్కో ఎత్తులో ఉంటుంది, వెతుక్కోవాలి. ఖాళీగా, చదునుగా ఉన్న చోట ఫస్ట్ గేర్ వేసి, ఎక్సలేటర్ ముట్టకుండా క్లచ్‌ని మెల్లగా పైకి రానివ్వు. ఇంజన్ గొంతు కాస్త బరువెక్కుతుంది, స్టీరింగ్‌లో సన్నటి వణుకు తెలుస్తుంది. అక్కడ కాలు ఆపి, బండి పాకడం మొదలయ్యాక మిగతాది వదులు. ఒక ఇరవై సార్లు ఇదే చెయ్యి. చూడకుండానే ఆ చోటు కాలికి తెలిసిపోతుంది.

ఇక కుదుపు ఎందుకొస్తుందో విను. ప్రతి గేరుకీ ఒక నిష్పత్తి ఉంటుంది, అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్ళే కడ్డీ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క. చిన్న కార్లలో ఫస్ట్ సుమారు 3.5, సెకండ్ 2, థర్డ్ 1.3, ఫోర్త్ 1, ఫిఫ్త్ 0.8 దగ్గర్లో ఉంటాయి. ఫస్ట్‌లో 3000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర సెకండ్‌కి మారిస్తే, బండి స్పీడు మారకపోయినా ఇంజన్ 1700కి దిగిపోవాలి. అదే ఫోర్త్‌లో 2000 దగ్గర ఫిఫ్త్ వేస్తే 1600కి దిగితే చాలు. కొత్తవాళ్ళ చేతిలో ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడే బండి ఎగిరిపడేది అందుకే. అక్కడ తొందరపడకు. ఎక్సలేటర్ వదులు, క్లచ్ పూర్తిగా తొక్కు, గేర్ రాడ్ న్యూట్రల్ దాటేటప్పుడు అరక్షణం ఆగు. ఆ అరక్షణంలో ఇంజన్ దిగుతుంది. గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులని ఉంటాయి, కలవబోయే రెండు భాగాల వేగాన్నీ అవి సమం చేస్తాయి. రాడ్‌ని బలంగా తోస్తే అరిగేది ఆ రింగులే.

రాడ్‌ని గుప్పిట్లో బిగించకు, అరచేత్తో నెట్టు. సెకండ్ నుంచి థర్డ్‌కి వెళ్ళేటప్పుడు న్యూట్రల్‌లోకి తెచ్చి పట్టు సడలిస్తే చాలు, లోపలి స్ప్రింగే దాన్ని మధ్య వరసలోకి తెస్తుంది. అక్కడి నుంచి నేరుగా పైకి నెట్టడమే. గేరు పడ్డాక చెయ్యి స్టీరింగ్ మీదకి వెళ్ళిపోవాలి. పెట్రోలు బండైతే 2000 నుంచి 2500 మధ్య, డీజిలైతే 1500 నుంచి 2000 మధ్య పై గేరుకి మారు. కొన్నాళ్ళకి మీటర్ చూడక్కర్లేదు, శబ్దమే చెప్తుంది.

కింది గేరుకి దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. థర్డ్‌లో 1800 మీదున్న ఇంజన్ సెకండ్ పడేసరికి దాదాపు 2800కి ఎక్కాలి. ముందు బ్రేకుతో స్పీడు తగ్గించు, గేరు మార్చు, క్లచ్ వదిలేటప్పుడు ఎక్సలేటర్‌ని పిసరంత తాకు. స్పీడు మీదున్నప్పుడు మరీ కింది గేరు మాత్రం ఎప్పుడూ వెయ్యకు. అప్పుడు చక్రాలే ఇంజన్‌ని తిప్పేస్తాయి, ఇంజన్ మరీ వేగంగా తిరగకుండా ఆపే రెవ్ లిమిటర్ కూడా దాన్ని ఆపలేదు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్ళ నుంచి పదేళ్ళుగా నడుపుతున్నవాళ్ళ దాకా చేసే పాత తప్పొకటుంది. భయం వేస్తే చాలు, ఎడమ కాలు క్లచ్ మీదకి పరిగెడుతుంది. అది రకరకాల వేషాల్లో వస్తుంది, నువ్వు గుర్తుపట్టాలి.

కుదుపు వస్తుందేమోనని భయపడి గేరు మార్చిన ప్రతిసారీ హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగం తొక్కిపెట్టి, సాగదీస్తారు. పక్కనున్నవాళ్ళు ఎంత మెత్తగా నడుపుతోందో అంటారు. లోపల ప్లేటు రాసుకుని కాలుతుంటుంది. ఇంజన్ వేగం కుదిరితే క్లచ్‌ని సాగదీయక్కర్లేదు. సెకండ్ దాటాక ఒక క్షణంలోపే పూర్తిగా వదిలెయ్యొచ్చు.

ట్రాఫిక్‌లో బండి ఆఫ్ అయిపోతుందేమోనని కాలు క్లచ్ మీదే ఆనించి ఉంచుతారు. తొక్కడం లేదుగా అనుకుంటారు కానీ ఆ కాలి బరువు చాలు, క్లచ్ తొక్కినప్పుడు పట్టు విడిపించే రిలీజ్ బేరింగ్ అరగడానికీ, ప్లేటు జారడానికీ. ఇంజన్ అరుస్తున్నా బండి స్పీడు అందుకోవడం లేదంటే, కాలిన వాసన వస్తోందంటే ప్లేటు జారుతున్నట్టే. తొక్కే పని లేనప్పుడు ఆ పాదం పక్కన నేల మీద ఉండాలి.

ఎత్తు మీద బండి వెనక్కి పోతుందని హాఫ్ క్లచ్‌తో నిలబెడతారు. అలా చెయ్యకు. హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, ఫస్ట్‌లో కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి బైటింగ్ పాయింట్ దాకా రా, బండి ముందుకు గుంజుతున్నట్టు తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ దించు.

ముందు ఏదన్నా కనబడగానే బ్రేకు కన్నా ముందు క్లచ్ తొక్కుతారు. అప్పటిదాకా ఇంజన్ కూడా బండిని పట్టి ఆపుతోంది, ఆ పట్టు కాస్తా పోతుంది. బ్రేకు ముందు, ఆర్‌పీఎం 1000 దగ్గరికి వచ్చాక క్లచ్. ఎవరైనా హఠాత్తుగా అడ్డొస్తే మాత్రం ఈ వరసంతా వదిలేసి బ్రేకు గట్టిగా తొక్కు. బండి ఆఫ్ అయినా ఏం కాదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది చివరిది. పల్లంలో క్లచ్ తొక్కిపెట్టో, న్యూట్రల్‌లో వేసో జారుకుంటూ పోవడం. పెట్రోలు మిగులుతుందని నీకు ఎవరో ఒకరు చెప్తారు, నమ్మకు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి ఎక్సలేటర్ వదిలేస్తే ఇంధనం పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ ఆగకుండా తిరగడానికి ఇంధనం కావాలి. డబ్బు మాట అలా ఉంచు, న్యూట్రల్‌లో బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. పొడవాటి దిగుడులో అవి వేడెక్కి, ఎంత తొక్కినా పట్టని స్థితి వస్తుంది. ఏ గేరులో ఆ ఎత్తు ఎక్కుతావో అదే గేరులో దిగు. అదీ దిగుడు మొదలవకముందే వేసుకో. నువ్వు సైకిల్ మీద కాళ్ళు చాపినట్టు అక్కడ చాపకూడదమ్మా.

రివర్స్ గురించి ఒక్క మాట. బండి పూర్తిగా ఆగాక, క్లచ్ తొక్కి రెండు మూడు క్షణాలు ఆగి వెయ్యి. చాలా బండ్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. కరకరమంటే ఒకసారి ఫస్ట్‌లో వేసి తీసి మళ్ళీ ప్రయత్నించు.

మొదటి వారం నడిరోడ్డు మీద బండి పదిసార్లు ఆఫ్ అవుతుంది. వెనకవాళ్ళు హారన్ కొడతారు, కొట్టనీ. హ్యాండ్‌బ్రేక్, న్యూట్రల్, స్టార్ట్, ఫస్ట్. నిదానంగా ఈ నాలుగూ చేసుకుని బయల్దేరు.

తొలిరోజు పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టుకో. ఏం మాట్లాడను, నీ ఎడమ కాలు ఎక్కడుందో చూస్తుంటాను, అంతే.

ఆశీస్సులతో,
పెదనాన్న