బత్తాయిలో పూత, పిందె రాలడానికి నల్లే కారణమా?

నల్గొండ వైపు బత్తాయి తోటల్లో పూత రాలగానే నల్లిని (మొక్కల రసం పీల్చే అతి చిన్న పురుగును) నిందించడం పరిపాటే కాని, ఆరోగ్యంగా ఉన్న చెట్టులోనూ పూతలో అధికభాగం సహజంగానే రాలిపోతుంది. ఎర్రనల్లి ప్రధానంగా ఆకుల రసం పీలుస్తుంది. ఆకుపై సూదిమొనంత తెల్లటి చుక్కలేర్పడి పచ్చదనం తగ్గుతుంది, దానికి నీటి ఎద్దడి తోడైతే ఆకులు రాలి, ఆహారం చాలక పిందెలూ రాలతాయి. మంగునల్లి తీరు వేరు: అది కాయ తొక్కను గోధుమరంగుకు మార్చి, లోపల గుజ్జు బాగానే ఉన్నా ధర పడగొడుతుంది. మందు కొట్టే ముందు 10 రెట్లు పెంచి చూపే భూతద్దంతో ఆకులను రెండు వైపులా, పిందెలను పరిశీలించాలి. నల్లి కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఎండ లేని పూట పిచికారీ చేయాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మాత్రం నల్లిని తినే మిత్రపురుగులను చంపి, దాన్నే పెంచుతాయి.