ఐయూసీ సున్నా అయింది సరే, మిగులు ఎవరికి చేరింది?

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

మీ వినియోగదారుల సంఘం నీకు అప్పగించిన పని చూశాను. "కంపెనీల మధ్య కాల్ చార్జీ సున్నా అయింది కదా, మన రీచార్జ్ ఎందుకు తగ్గలేదు?" అని నివేదిక రాయమన్నారు. ప్రశ్న మంచిదే. కానీ నిలదీసే ముందు అసలు మిగులు ఎంతో తేల్చుకోమ్మా. చాలామంది పప్పులో కాలేసేది అక్కడే.

ముందు తేదీలు. ఒక కంపెనీ నంబరు నుంచి చేసిన కాల్ ఇంకో కంపెనీ నంబరులో దిగితే, దింపుకున్నవాళ్లకి చేసినవాళ్ల కంపెనీ కట్టేదే ఐయూసీ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని 2009 ఏప్రిల్ 1 నుంచి నిమిషానికి 30 పైసల నుంచి 20కి, 2015 మార్చి 1 నుంచి 14కి, 2017 అక్టోబరు 1 నుంచి 6కి దించింది. 2020 జనవరికి సున్నా చేస్తామని చెప్పి, ఒక ఏడాది వాయిదా వేసి, 2021 జనవరి 1న చేసింది. ఈ తేదీలు కాగితానికి ఎడమ పక్కన నిలువుగా రాసుకో. మిగతా అంకెలన్నీ వీటి పక్కన పడాలి.

ఇక మిగులు. "14 నుంచి 6కి దిగింది, నిమిషానికి 8 పైసలు ఆదా" అని మాత్రం రాయకు. 'అ' అనే కంపెనీ కస్టమర్లు 'ఆ' అనే ఇంకో కంపెనీకి 100 నిమిషాలు చేశారనుకో, అటు నుంచి 80 నిమిషాలు వచ్చాయనుకో. 14 పైసల రేటులో అ కట్టేది 14 రూపాయలు, దానికి వచ్చేది 11.20. నికరంగా చేతి నుంచి పోయేది 2.80. రేటు 6 అయితే కట్టేది 6, వచ్చేది 4.80, నికరం 1.20. అంటే అసలు ఆదా 1.60 మాత్రమే, 8 రూపాయలు కాదు. పైగా ఆ 1.60 అవతలి కంపెనీకి నష్టం. దేశంలో కాల్స్ వరకు కంపెనీలన్నిటినీ ఒక గంపలో వేస్తే ఐయూసీ తగ్గింపు మొత్తం మిగులు సున్నా. కాబట్టి "కంపెనీలు ఇన్ని కోట్లు మింగాయి" అనే వాక్యం నీ నివేదికలో ఉంటే, అవతలివాళ్లు ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తారు. కట్టేవాళ్లెవరు, పుచ్చుకునేవాళ్లెవరు అన్నది విడదీసి రాయి.

ఆ తేడా ఎంత పదునైనదో 2019లో రింగు దగ్గర బయటపడింది. జియో తన ఫోన్ల నుంచి వెళ్లే కాల్ రింగును 20-25 సెకన్లకు కుదించింది. ఎత్తేలోపే ఆగిపోతే అది మిస్డ్ కాల్. అవతలివాళ్లు తిరిగి చేస్తారు, 6 పైసలు కట్టాల్సినవాళ్లు పుచ్చుకునేవాళ్లవుతారు. మిగతావాళ్లూ అదే బాట పట్టారు. చివరికి ఆ నవంబరులో ట్రాయ్ మొబైల్‌కి 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కి 60 సెకన్లు అని గీత గీసింది. ఆరు పైసల కోసం ఇంత!

చార్జీ కస్టమర్ మీదికి ఎలా దిగుతుందో చూడాలంటే అదే ఏడాది అక్టోబరు టాప్‌అప్‌లు పట్టుకో. జియో ఇతర నెట్‌వర్క్‌లకు నిమిషానికి 6 పైసలు వసూలు మొదలుపెట్టి, 10 రూపాయలకు 124 నిమిషాలు, 100 రూపాయలకు 1,362 నిమిషాలు ఇచ్చింది. 10 రూపాయల్లో 18 శాతం జీఎస్టీ తీస్తే 8.47, ప్రాసెసింగ్ ఫీజు ఒక రూపాయి పోతే 7.47, దాన్ని 6 పైసలతో భాగిస్తే 124. అంటే కస్టమర్ జేబు నుంచి పోయింది నిమిషానికి 8 పైసలు. 100 రూపాయల టాప్‌అప్ మీద ఫీజు 3 రూపాయలే కాబట్టి అక్కడ 7.3 పైసలు. బదులుగా ప్రతి 10 రూపాయలకు ఒక జీబీ డేటా ఇచ్చారు, అదీ రాయి. చిన్న రీచార్జ్ చేసేవాడికే నిమిషం ప్రియం, గమనించావా?

సున్నా అయ్యాక ఏం జరిగిందో చూపించడానికి ఒకే ప్యాక్ పట్టుకుని వెళ్లు. నాలుగైదు కలిపితే లెక్క చెదిరిపోతుంది. జియోలో 28 రోజులు, రోజుకు 1.5 జీబీ ప్యాక్ తీసుకో. 2019 డిసెంబరులో 199 రూపాయలు, ఇతర నెట్‌వర్క్‌లకు 1,000 నిమిషాల పరిమితి. 2021 జనవరిలో ధర అదే 199, పరిమితి పోయింది. ఆ ఏడాది డిసెంబరులో 239. 2024 జులైలో 299. అంటే సున్నా రోజున ధర తగ్గలేదు, హద్దు తగ్గింది. నెలకు 1,000 నిమిషాలు దాటి మాట్లాడేవాడికి అది నిజంగా లాభమే. 200 నిమిషాలు మాట్లాడేవాడికి దక్కింది ఏమీ లేదు. తర్వాతి పెంపుల్లో డేటా ఖర్చు, ప్రభుత్వానికి కట్టాల్సిన ఏజీఆర్ బకాయిలు, పోటీ సన్నబడటం అన్నీ కలిసి ఉన్నాయి. వాటిని ఐయూసీ ఖాతాలో వేయకు.

ఒక ఉచ్చు చెబుతాను. సున్నా అయిన 2021 జనవరి-మార్చి త్రైమాసికం ఏఆర్‌పీయూ, అంటే ఒక్కో కస్టమర్ మీద కంపెనీకి నెలకు వచ్చే సగటు రాబడి, చూసి మురిసిపోవద్దు. ఎయిర్‌టెల్‌ది 166 నుంచి 145కి, జియోది 151 నుంచి 138.2కి పడింది. కస్టమర్ నెలకు అంత తక్కువ కట్టాడని కాదు. అంతకుముందు ఇతర కంపెనీల నుంచి వచ్చే ఐయూసీ కూడా రాబడిలో కలిసేది, అది ఆగిపోయింది. అది ఖాతా పుస్తకంలో మార్పు.

పోటీ ఏం చేయగలదో 2009 చెబుతుంది. ఏప్రిల్‌లో టోకు చార్జీ, అంటే ఐయూసీ, 10 పైసలే తగ్గింది. జూన్‌లో టాటా డొకొమో సెకనుకు ఒక పైసా అంటూ దిగింది, అంటే నిమిషానికి 60. ఎంత మాట్లాడినా నిమిషం లెక్కన రూపాయి కోసే పల్స్‌లో 20 సెకన్ల మాటకు రూపాయి పోయే చోట 20 పైసలే పోయాయి. మిగతా కంపెనీలు చచ్చినట్టు దిగివచ్చాయి. టోకు తగ్గింపు కంటే చిల్లర తగ్గింపు పెద్దది కాబట్టి, అది దయతో కస్టమర్‌కి దాటించింది కాదు, పోటీ చేయించింది. విదేశాల్లో దీనికి తలకిందులైన కథ ఉంది. 20కి పైగా దేశాల లెక్కలతో 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ చార్జీ 10 శాతం తగ్గితే చిల్లర ధర 5 శాతం పెరిగిందని తేలింది. ల్యాండ్‌లైన్ల నుంచి వచ్చే కాల్స్ మీద పుచ్చుకునే ఆ డబ్బుతోనే కంపెనీలు కస్టమర్లకు రాయితీలిచ్చేవి, అది తగ్గేసరికి వాళ్ల మీదే రాబట్టుకున్నాయి.

ఇప్పుడు కాల్ ధర ఒక్కటే విడిగా కనిపించే చోటు డేటా లేని వాయిస్ ప్యాక్. 2024 డిసెంబరు 23న ట్రాయ్ ఆదేశించాక వచ్చాయి. 2025 జనవరిలో జియో 84 రోజులకు 458 పెట్టి 448కి, ఎయిర్‌టెల్ 499 పెట్టి 469కి కొద్ది రోజుల్లోనే దించాయి. తాజా ధర ట్రాయ్ టారిఫ్ పోర్టల్లో సరిచూసుకో. 448 అంటే రోజుకు 5.33. రోజుకు ఐదు నిమిషాలు మాట్లాడే నానమ్మకి నిమిషం రూపాయి దాటుతుంది. 2006లో బీఎస్ఎన్ఎల్ దేశమంతా నిమిషం రూపాయి పెట్టినప్పుడు అందులో ఐయూసీ 30 పైసలుండేది, ఇప్పుడు సున్నా. రోజుకు గంట మాట్లాడే మనవడికి తొమ్మిది పైసల లోపే. నీ నివేదికలో అసలు పట్టిక ఇదే కావాలి. సగటు ఒక్కటి రాస్తే నానమ్మ మాయమైపోతుంది.

అందుకని సభ్యుల్లో పది పదిహేను మందిని ఎంచుకో, సగం మంది తక్కువ మాట్లాడేవాళ్లు ఉండాలి. ప్రీపెయిడ్ అయినా గత ఆరు నెలల వాడకం వివరాల బిల్లు అడగొచ్చు, దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి చేసి, వాళ్లిచ్చే డాకెట్ (ఫిర్యాదు) నంబరు రాసుకో. ఇవ్వకపోతే 30 రోజుల్లోపు అప్పీలు. బిల్లు చేతికొచ్చాక నంబరు మొదటి అంకెలు చూసి ఫలానా కంపెనీ అనుకోవద్దు. 2011 నుంచి నంబరు మారకుండా కంపెనీ మారే పోర్టింగ్ ఉంది, ఆ గుర్తులకు విలువ పోయింది. ధరలు 2017 జులైకి అటూ ఇటూ పోల్చేటప్పుడు ముందటి 15 శాతం సేవా పన్నును, తర్వాతి 18 శాతం జీఎస్టీని తీసేసి పోల్చు.

గల్ఫ్ నుంచో డాలస్ నుంచో వచ్చే కాల్స్ ఈ పట్టికలో కలపకు. వాటిని దింపుకున్నందుకు ఇక్కడి కంపెనీ పుచ్చుకునే టెర్మినేషన్ చార్జీ సున్నా కాలేదు. 2020 మే నుంచి నిమిషానికి 35 నుంచి 65 పైసల మధ్య కంపెనీలు ఖరారు చేసుకునే వీలుంది. ఆ లెక్క వేరే కాగితం మీద వెయ్యి.

నీ పెదనాన్న