ముందు డబ్బా తెరిచి చూడు

తిరువొత్తియూరు, చెన్నై

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నెట్ కోసం హాల్లోంచి బెడ్‌రూమ్‌కి లాగిన లాన్ వైరు కాలికి తగిలి మీ అత్తగారు పడబోయారని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గడప పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, మడమ మాత్రం బెణికిందట. ఇల్లుగలాయన గోడకి చిల్లు పెట్టనివ్వడు, అందుకని కంప్యూటర్ లోపల వైఫై కార్డు పెట్టించుకోవాలని చూస్తున్నావట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. పాలిటెక్నిక్ ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్ళు స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరిగినదాన్ని, ఈ విషయంలో నాకు నోరు కాస్త ఎక్కువే.

వైరును మించింది లేదని ముందే చెప్పేస్తున్నా. జిగురు క్లిప్పులు పెట్టి తలుపు చట్రం మీదుగా వైరు తిప్పగలిగితే అదే చెయ్యి, ఈ ఉత్తరం పక్కన పడెయ్యి. కుదరదంటే ఇంకో ప్రయోగం ఉంది. కంప్యూటర్ వెనకాల యూఎస్‌బీలో గుచ్చిన వైఫై డాంగిల్ మాటిమాటికీ ఆగిపోతోందని అన్నావు కదా? దాన్ని ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుకి తగిలించి టేబుల్ మీదికి తెచ్చి చూడు. వెనకాల నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన పెడితే, వాటి నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుంది. 2012లో ఇంటెల్ వాళ్ళే దీని మీద ఒక పత్రం విడుదల చేశారు. దానికి తోడు ముందు ఇనప డబ్బా, వెనక గోడ. అంత చిన్న డాంగిల్ మాత్రం ఏం చేస్తుంది పాపం.

అప్పటికీ కాకపోతే కార్డే. అయితే కొనడానికి పరిగెత్తకు, ముందు కేబినెట్ తెరువు. తెరిచే ముందు వెనక వైపు కూడా ఒకసారి చూడు. యూఎస్‌బీ పోర్టుల దగ్గర మరలున్న బంగారు రంగు గుండ్రటి ముక్కులు రెండు కనిపిస్తే, మీ మదర్‌బోర్డులో వైఫై ఎప్పటినుంచో ఉన్నట్టే. యాంటెన్నాలు బోర్డు అట్టపెట్టెలో ఉండిపోయి ఉంటాయి. నవ్వకు, మా ల్యాబులో ఒక సారు ఏడాదిన్నర అలాగే డాంగిల్‌తో నెట్టుకొచ్చారు.

ఆ ముక్కులు లేకపోతే పక్క తలుపు తీసి రెండు చోట్లు చూడు. ఒకటి, గ్రాఫిక్స్ కార్డు కింద పొట్టి పీసీఐఈ స్లాటు, అంటే అదనపు కార్డులు గుచ్చే గాడి, ఖాళీగా ఉందా అని. అది సుమారు 25 మిల్లీమీటర్ల పొడవుంటుంది. నీది గేములాడే కార్డు, లావుగా ఉంటుంది కాబట్టి పొట్టి స్లాటును మూసేసి ఉండొచ్చు. అలాగైతే కింద ఇంకో పొడుగు స్లాటు ఉంటే అందులోనూ పెట్టొచ్చు, పొట్టి కార్డు పొడుగు స్లాటులో చక్కగా పనిచేస్తుంది. రెండోది, వైఫై కోసమే ఉండే ఎం.2 స్లాటు, దాన్ని 'కీ ఈ' (Key E) అంటారు. అందులో 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న బిళ్ళ పడుతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటుతో దీన్ని కలపకు, ఆ గాడి వేరు, ఇందులోది అందులో దిగదు. బోర్డు మీద అచ్చేసిన మోడల్ పేరు ఫోన్లో ఫోటో తీసుకో. షాపులో అది చూపిస్తే సగం వాదన తప్పుతుంది.

ఇక్కడే నేను తిన్న దెబ్బ చెప్పాలి. ఇంట్లో నా ఏఎండీ ప్రాసెసర్ బోర్డులో కీ ఈ స్లాటు ఖాళీగా కనిపించేసరికి సంబరపడి ఇంటెల్ ఏఎక్స్201 అనే వైఫై బిళ్ళ కొనేశాను. షాపతన్ని రెండుసార్లు అడిగాను. "ఎల్లామే వర్క్ ఆగుం మా" అన్నాడు, అన్నిట్లోనూ పనిచేస్తుందని. స్లాటులో అద్దినట్టు కూర్చుంది, స్క్రూ కూడా పట్టింది, కంప్యూటర్‌కి మాత్రం కనపడనే లేదు. విండోస్ రెండుసార్లు ఎక్కించాను. రెండు ఆదివారాలు పోయాక తెలిసింది, ఏఎక్స్201, ఏఎక్స్211 సగం కార్డులే. మిగతా సగం పని ఇంటెల్ ప్రాసెసర్, చిప్‌సెట్ లోపల జరుగుతుంది. దాన్ని సీఎన్‌వీఐ అంటారు, ఏఎండీలో అది ఉండదు. నంబరు చివర సున్నా ఉన్న ఏఎక్స్200, ఏఎక్స్210 మాత్రం పూర్తి కార్డులు, రెండు రకాల బోర్డుల్లోనూ పనిచేస్తాయి. ఒక్క అంకె తేడా. తిరిగి ఇవ్వబోతే ప్యాకెట్ చింపావన్నాడు. ఆ కార్డు ఇప్పటికీ నా సూదుల డబ్బాలో ఉంది.

నీదీ ఏఎండీనే కాబట్టి, ఏఎక్స్200 కానీ ఏఎక్స్210 కానీ బిగించి, వెనక రెండు యాంటెన్నాలతో వచ్చే పీసీఐఈ కార్డు తీసుకో. విడి బిళ్ళ కొని యాంటెన్నా వైర్లు నువ్వే తగిలించుకోవాలని చూడకు. ఆ వైరు చివర ఆవగింజంత గుండ్రటి టోపీ ఉంటుంది, దాన్ని బిళ్ళ మీది బొడిపె మీద సరిగ్గా నిలబెట్టి గోటితో నిటారుగా నొక్కాలి. పడితే వేలికి చిన్న టిక్ తెలుస్తుంది. వంకరగా నొక్కామా, టోపీ అంచు చీలిపోతుంది. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని కూడా ఒక వైరు పాడుచేశాను. నీకా తిప్పలెందుకు?

పెట్టె మీది పెద్ద అంకెలు చూసి మోసపోకు. 3000 ఎంబీపీఎస్ అని రాస్తారు. అది 5 గిగాహెర్ట్జ్ మీద 2402, 2.4 మీద 574 కలిపి పైకి సరిచేసిన లెక్క. కార్డు ఒకసారికి ఒక బ్యాండు మీదే మాట్లాడుతుంది, ఆ 2402 కూడా రౌటర్ 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఇస్తేనే. మీ ఇంటి ప్లాన్ 100 ఎంబీపీఎస్. పాత తరం వైఫై 5 కార్డు కూడా దానికి సరిపోతుంది. కొత్త రౌటర్ కొనే ఆలోచన ఉంది కాబట్టి వైఫై 6 తీసుకోమంటున్నాను, అంతకు మించి ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకు.

కొనడానికి ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కే వెళ్ళు. మీ పల్లావరం నుంచి ఎయిర్‌పోర్టు దాకా వచ్చి మెట్రో ఎక్కి, గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగితే అక్కణ్ణించి నడకే. ఆదివారం చాలా షాపులు తెరవరు, శనివారం పొద్దున్నే వెళ్ళు. మొదటి షాపులో ధర అడుగు, మూడో షాపులో కొను. బిల్లు మీద కార్డు మోడల్ నంబరు రాయించుకో, పనిచేయకపోతే మారుస్తారా అని డబ్బులిచ్చే ముందే అడుగు. నేనడగలేదు.

బయల్దేరే ముందే డ్రైవర్, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, పెన్‌డ్రైవ్‌లోకి దించుకో. ఇది అందరూ మర్చిపోతారు. నెట్ కోసం కార్డు పెట్టుకుంటాం, కార్డు డ్రైవర్ కోసం నెట్ కావాలి. మర్చిపోయినా టెన్షన్ పడకు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వచ్చేస్తుంది.

బిగించడం పావుగంట పని. షట్‌డౌన్ చేసి, వెనక ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ముందున్న పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకో, మిగిలిన కరెంటు దిగిపోతుంది. కేబినెట్‌ని పడుకోబెట్టు. రంగు లేని ఇనప భాగాన్ని ఒకసారి ముట్టుకున్నాకే కార్డు పట్టుకో. మన చెన్నై చెమటలో స్టాటిక్ భయం తక్కువే కానీ, మీ బెడ్‌రూమ్‌లో ఏసీ రాత్రంతా నడుస్తుంది. స్లాటుకి ఎదురుగా ఉన్న రేకు తీసి, కార్డు రెండు అంచులూ పట్టుకుని సమంగా లోపలికి దించు. బంగారు పళ్ళు కనపడకుండా మునిగితే కూర్చున్నట్టే. తర్వాత స్క్రూ.

కార్డుతో పాటు ఒక సన్నటి వైరు వస్తుంది, చాలామంది దాన్ని పెట్టెలోనే వదిలేసి బ్లూటూత్ రాలేదని కార్డుని తిడతారు. వైఫై పీసీఐఈ స్లాటు మీదుగా వెళ్తుంది, బ్లూటూత్ మాత్రం యూఎస్‌బీ దారిలో వెళ్తుంది. అందుకే ఆ వైరుని బోర్డు అడుగు అంచున ఉండే తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ 2 సాకెట్‌కి తగిలించాలి. పది పిన్నుల చోటులో ఒకటి లేకుండా ఉంటుంది, వైరు కొసలోనూ అదే చిల్లు మూసి ఉంటుంది, కాబట్టి ఒకే వైపు దిగుతుంది. దిగకపోతే తిప్పు, బలం పెట్టకు. పిన్ను వంగిందంటే ఇక చూసుకో.

ఇక యాంటెన్నాలు. కార్డు మంచిదై కూడా నెట్ రాలేదంటే నేను మొదట చూసేది ఇవే. కేబినెట్ వెనక గోడకి ఆనుకుని, టేబుల్ కింద చీకట్లో రెండు కొమ్ములూ ఉంటే అవి ఎవరితో మాట్లాడతాయి? అయస్కాంతం అడుగుతో, మీటరు వైరుతో వచ్చే యాంటెన్నా ఉన్న కార్డు దొరికితే అదే కొను, టేబుల్ మీద పెట్టుకోవచ్చు. దొరక్కపోతే కేబినెట్‌ని గోడ నుంచి జానెడు ముందుకి జరిపి, ఒక కొమ్ము నిలువుగా, రెండోది పక్కకి వంచు. రౌటర్ షూ స్టాండు లోపల ఉందని మీ అమ్మ చెప్పింది. దాన్ని బయటికి తీసి పైన పెట్టు, ఇది మాత్రం ఈ రోజే చెయ్యి.

కనెక్టయ్యాక వైఫై ప్రాపర్టీస్‌లో బ్యాండు ఏమిటో చూడు. మీ అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ ఒక రౌటర్ ఉంటుంది. 2.4లో ఒకదాన్నొకటి తొక్కని చానెళ్ళు 1, 6, 11, ఈ మూడే, అందుకని అక్కడ ఎప్పుడూ సంతే. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడానికి ఇబ్బంది పడుతుంది కానీ మీకు మధ్యలో ఉన్నది ఒక్క గోడే, దాన్నే ఎంచుకో. కాసేపు వదిలేస్తే నెట్ పోతోందంటే డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు మీద పవర్ మేనేజ్‌మెంట్‌లో టిక్కు తీసెయ్యి, కరెంటు ఆదా పేరుతో విండోస్ దాన్ని నిద్రపుచ్చుతూ ఉంటుంది.

తీసిన స్లాటు రేకు పారేయకు, స్క్రూతో సహా ఒక కవర్లో వేసి కేబినెట్ అడుగున అతికించు. ఇల్లు మారినప్పుడు కార్డు తీస్తే ఆ కంతలోంచి బొద్దింకలు దూరతాయి, మా ఇంట్లో దూరాయి.

శనివారం రిచీ స్ట్రీట్‌లో అనుమానం వస్తే కార్డు పెట్టె ఫోటో పంపు, నంబరు నేను చూసి చెబుతా. మీ అత్తగారి మడమకి ఉప్పు కాపడం పెడుతున్నారా?

మీ పెద్దమ్మ