పెద్దగా ఎవరూ వాడని వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కు ఆఫీసును ఒప్పించడం ఎలా?

మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది. మీ మీద కాదు, నా మీద నాకే. మహబూబ్‌నగర్‌లో ఆరుగురున్న కంపెనీ, వెబ్ సాఫ్ట్‌వేర్ రాయడానికి ఐదుగురు అందరూ వాడే రియాక్ట్, నోడ్ అంటున్నారు, మీరొక్కరే ఫీనిక్స్ అనే ఫ్రేమ్‌వర్క్ అంటున్నారు, బెంచ్‌మార్కులు (వేగం పరీక్షల లెక్కలు) చూపించినా మీ సార్ కదలట్లేదు అని రాశారు. 2023 చివర్లో నల్లగొండలో నా పరిస్థితి అచ్చం ఇదే. చూపించిన బెంచ్‌మార్కులు కూడా బహుశా అవే అయి ఉంటాయి.

మాది ఎనిమిది మంది ఆఫీసు. పీహెచ్‌పీ భాషలో ఉండే లారావెల్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు రాసి రైసు మిల్లులకు, ఎరువుల దుకాణాలకు, రెండు మూడు బడులకు ఇస్తాం. అప్పట్లో మిర్యాలగూడ వైపు ఒక మిల్లు పని నా నెత్తిన ఉండేది. వానాకాలం పంట కోతలప్పుడు ఆ వైపు పోయినవాళ్ళకు తెలుసు, సన్నవడ్ల ట్రాక్టర్లు మిల్లు గేటు ముందు నుంచి రోడ్డు దాకా ఎట్లా బారులు తీరతాయో. మిషన్ కోసిన పచ్చి వడ్లు పొలం నుంచి నేరుగా మిల్లుకే వస్తాయి. ఆరబెట్టడం లేదు కాబట్టి వరుసలో ఎక్కువసేపు నిలబడితే ట్రాలీలోనే వేడెక్కి రంగు తిరుగుతాయి. అంటే అక్కడ గంట ఆలస్యం అంటే రైతుకు రేటు తగ్గడమే.

గేటు దగ్గర టోకెను, తర్వాత తేమ చూసే మనిషి, కాంటా మీద నిండు తూకం, షెడ్డులో దింపుడు, మళ్ళీ కాంటా మీద ఖాళీ తూకం, ఆఖరికి ఆఫీసులో చిట్టీ. అన్ని చోట్లా మా పేజీ తెరిచే ఉంటుంది. ఆ పేజీ ఐదు సెకన్లకోసారి సర్వర్‌ను "ఏమన్నా మారిందా?" అని అడుగుతుంది. సీజన్ ముదిరాక సేటు ఫోను, ఆయన తమ్ముడి ఫోను, కమీషన్ ఏజెంట్ల ఫోన్లు కూడా అదే పేజీ మీద పడేవి. సర్వర్ మందగించేది. గేటు దగ్గర 42వ నెంబరు లోపలికి పోయినట్టు చూపిస్తే, కాంటా తెర మీద ఇంకా 41 దగ్గరే ఆగి ఉండేది. ఒకరోజు ఒకే ట్రాక్టర్‌ను రెండుసార్లు పిలిచారు. వెనకున్న రైతులు ఊరుకుంటారా? ఆ ఫోను నాకే వచ్చింది.

నాకప్పటికే ఫీనిక్స్ పిచ్చి పట్టి ఉంది. ఇదే అదను అనుకున్నా. ముప్పై స్లైడ్లు తయారు చేశా. 1986 ప్రాంతంలో ఎరిక్సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎర్లాంగ్ భాషను మొదలుపెట్టడం దగ్గర్నుంచి ఎత్తుకున్నా. దాని మీద జోస్ వలీమ్ ఎలిక్సిర్ అనే భాషను కట్టడం, ఎలిక్సిర్ మీద క్రిస్ మెకార్డ్ ఫీనిక్స్ కట్టడం, 2015లో ఒకే సర్వర్ మీద ఇరవై లక్షల వెబ్‌సాకెట్ కనెక్షన్లు (సర్వర్‌తో ఎప్పుడూ తెరిచే ఉండే లైన్లు) నిలబెట్టిన పరీక్ష, ప్రోగ్రామర్ల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2023 సర్వేలో వాడినవాళ్ళ మెప్పు అన్నింటికన్నా ఎక్కువ పొందిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఇదేనన్న సంగతి, అన్నీ పెట్టా.

మా సార్ ఓపికగా విన్నాడు. విని, "మన మిల్లుల ఆ పేజీ ఎంతమంది చూస్తరు?" అన్నాడు.

"సీజన్ల నలభై మంది సార్."

"మరి ఇరవై లక్షలెందుకు?"

నా దగ్గర జవాబు లేదు. పీహెచ్‌పీలో ఆరితేరిన మా సీనియర్ అన్న అందుకున్నాడు. "ఐదు సెకన్లు తీసేసి ఇరవై పెట్టు. సర్వర్ చల్లబడతది." ఆ సాయంత్రమే పెట్టాడు, చల్లబడింది కూడా. తర్వాత నా దిక్కు తిరిగి, తెర మీద మార్పులను సర్వర్ నుంచే నడిపే ఫీనిక్స్ భాగం లైవ్‌వ్యూను పట్టుకుని, "లైవ్‌వ్యూ వెర్షన్ చూసినవా? 0.20. 1.0 గూడ రానిదాన్ని తీస్కపోయి సేటు నెత్తిన పెడతవా? నీ రెజ్యూమె కోసం మా మెడకు చుట్టకు" అన్నాడు. కోపం వచ్చింది. ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. ఎలిక్సిర్ అని రాసుకోవాలన్న ఆశ నాకు లేదని ఒట్టు పెట్టలేను. మీకూ ఉంటే ముందే ఒప్పుకోండి, లోపల పెట్టుకుని వాదిస్తే మాటలో తెలిసిపోతుంది.

సార్ చివర్లో ఒకటే అడిగాడు. "నువ్వు రేపు గచ్చిబౌలి పోతే దీన్ని ఎవరు చూస్తరు? అమీర్‌పేటల ఏ సందుల జూసినా జావా, పైథాన్, మెర్న్ అని బోర్డులుంటయ్. నీది రాసిన బోర్డు ఒక్కటి చూపియ్."

మూడు వారాలు ముఖం మాడ్చుకుని తిరిగా. ఆ తర్వాతే వెలిగింది: నేను ముప్పై స్లైడ్లలో చెప్పిందంతా ఆయన అడగని ప్రశ్నలకు జవాబు. ఆయనకు ఉన్నది ఒక్క భయం, నేను పోతే ఎవరు చూస్తారని. ఆ భయానికి మనం ఏం తీసుకుపోతున్నాం అన్నదే అసలు పని. మీ సార్‌కు కూడా అదే భయం ఉంటుందని నా అంచనా. నోడ్ మీద ఆయనకు ప్రేమ ఉండి కాదు, నోడ్ తెలిసినవాళ్ళు దొరుకుతారన్న ధైర్యం.

ఆ ధైర్యం ఎంతవరకు నిజమో చూద్దామని మా ఆఫీసులో ఆరేళ్ళలో చేరినవాళ్ళ లెక్క తీశా. పదకొండు మంది. అందులో లారావెల్ వచ్చి చేరినవాళ్ళు ఎందరో తెలుసా? ఒక్కరు కూడా లేరు. జిల్లాలో ఇంజనీరింగో, బీఎస్సీ కంప్యూటర్సో చదివి వస్తారు, మూడు నెలలు అన్న దగ్గర కూర్చుని నేర్చుకుంటారు, పని వచ్చాక ఏడాదో ఏడాదిన్నరో చేసి హైదరాబాద్ బస్సెక్కుతారు. పాపులర్ ఫ్రేమ్‌వర్క్ అయితే తయారైన మనిషి దొరుకుతాడన్నది హైదరాబాద్ లెక్క. వంద కిలోమీటర్ల ఇవతల మనం ఎప్పుడూ మనుషుల్ని తయారు చేసుకున్నాం, తయారైనవాళ్ళు మన దగ్గరికి రాలేదు. మహబూబ్‌నగర్‌లో వేరుగా ఉంటుందా? మీరూ మీ ఆఫీసు లెక్క తీసి చూడండి. ఇది మాత్రం సార్ ముందు పెట్టాక ఆయన కాసేపు ఆగాడు. "ఇది నేను ఆలోచించలే" అన్నాడు.

ఇంకో వాదన కూడా చేతికొచ్చింది కానీ వాడలేదు. 2016లో మేం ఒక బడి సాఫ్ట్‌వేర్ ఆంగ్యులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో రాశాం. అప్పుడు ఎక్కడ చూసినా అదే, వెనక గూగుల్ ఉంది, ఇంకేం భయం అనుకున్నాం. 2021 డిసెంబరు ఆఖరుతో గూగుల్ దానికి సపోర్టు ఆపేసింది. ఇప్పటికీ ఆ కోడ్ ముట్టుకోవాలంటే దండం పెట్టుకుని మొదలుపెడతాం. పాపులర్ అయితే ఎక్కువకాలం బతుకుతుందన్న హామీ లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. కానీ దాన్ని ఎంచుకున్నది మా సారే. గెలవడానికి ఆయన పాత తప్పును బల్ల మీద పెడితే, నేను చెప్పేది నిజమైనా ఆయన ఒప్పుకోడు. మీ ఆఫీసులో అలాంటిదేదన్నా ఉంటే ఎవరు ఎంచుకున్నారో ముందు కనుక్కోండి.

రెండోసారి స్లైడ్లు లేవు, ఒక అర ఠావు కాగితం. అడిగింది కూడా చాలా చిన్నది. బిల్లింగ్ ముట్టుకోను, తూకం ముట్టుకోను, అవన్నీ లారావెల్‌లోనే ఉంటాయి. వరుస చూపించే బోర్డు ఒక్కటే ఫీనిక్స్‌లో రాస్తా. డేటా మొత్తం ఇప్పుడున్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోనే, కొత్త టేబుల్ ఒక్కటి కూడా పెట్టను. పాత పేజీ తీసేయను, పక్కనే ఉంటుంది. బోర్డు మొరాయిస్తే, వచ్చినవాళ్ళను ఏ పేజీకి పంపాలో చూసే ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక లైను మారిస్తే పాత పేజీ మళ్ళీ వస్తుంది, ఆ లైను ఏదో కాగితం మీదే రాసి ఇచ్చా. యాసంగి పంట అయ్యేసరికి నచ్చకపోతే నేనే తీసేస్తా. కాగితం కింద సంతకం పెట్టా. సంతకం అవసరం లేదు గానీ, పెట్టాక సార్ ముఖం మారింది.

ఆ కాగితాన్ని సార్ కన్నా ముందు అన్నకు చూపించా. నేను చేసిన ఒక్క తెలివైన పని ఇదే. లారావెల్ డేటా సేవ్ చేయగానే ఫీనిక్స్‌కు ఒక కబురు పంపుతుంది, ఫీనిక్స్ అన్ని తెరలకూ మారిన ముక్క మాత్రమే పంపుతుంది, ఇదీ నా డిజైన్. అన్న చదివి, "ఆ కబురు దారిల పోతే?" అన్నాడు. నేను ఆలోచించలేదు. "ముప్పై సెకన్లకోసారి టేబుల్‌ను అదే చదువుకునేట్టు పెట్టు" అని ఆయనే చెప్పాడు. పెట్టా. అప్పట్నుంచి అది సగం ఆయన బోర్డు. మీటింగ్‌లో నేను నోరు తెరవకముందే ఆయనే సార్‌కు వివరించాడు.

సేటును ఒప్పించే పని సార్ తీసుకున్నాడు. వాట్సాప్ వెనక ఉన్నది కూడా ఎర్లాంగేనని చెప్పమని నేనే అందించా, సేటు బతుకంతా వాట్సాప్‌లోనే కదా. పని చేసింది. కానీ ఈ మాట మీ సార్ దగ్గర వాడేముందు ఒకసారి ఆలోచించండి. 2014లో ఫేస్‌బుక్ కొన్నప్పుడు వాట్సాప్‌కు 45 కోట్ల మంది వాడకందార్లు ఉంటే ఇంజనీర్లు ముప్పై చిల్లర మందే అంటారు. ఆ ముప్పై మంది ఎవరు, మనమెవరం? తెలిసిన సార్ అయితే ఈ ప్రశ్న అడుగుతాడు.

సేటు అడిగింది వేరు. "ఒకటి ఆగిపోతే అన్నీ ఆగుతయా?" ఎర్లాంగ్‌లో సూపర్‌వైజర్ అనేది ఉంటుంది, ఒక చిన్న ప్రాసెస్ పడిపోతే దాన్ని మాత్రమే మళ్ళీ లేపుతుంది, పక్కవాటికి తెలియదు. ఇదంతా చెప్పబోతే సార్ ఆపి, "మీ హమాలీ మేస్త్రీ లెక్క సేటూ. ఒక మనిషి కూలబడితే లైను ఆపుతడా? ఇంకొకణ్ణి పంపుతడు" అన్నాడు. సేటు తలూపాడు. ఎర్లాంగ్ గురించి నేను చదివినవాటిలో ఇంత సూటిగా చెప్పింది లేదు.

అయినా "నువ్వు పోతే" అన్న ప్రశ్నకు మాటలతో జవాబు రాదు. హాలియా దగ్గర్నుంచి వచ్చిన ఒక అమ్మాయి అప్పుడే చేరింది, బీఎస్సీ కంప్యూటర్స్. పీహెచ్‌పీ కూడా సరిగా రాదు. ఆమెకు నెల రోజులు ఎలిక్సిర్ నేర్పా. నిజం చెప్పాలంటే పాత భాషల అలవాటు లేకపోవడం వల్ల ఆమెకు నాకన్నా తొందరగా ఎక్కింది, ప్యాటర్న్ మ్యాచింగ్ (డేటా ఆకారాన్ని బట్టి ఏ కోడ్ నడవాలో ఎంచుకునే పద్ధతి) చూసి "ఇట్ల గాక ఇంకెట్ల రాస్తరు సార్?" అని అడిగింది. సర్వర్ మీద కొత్త రిలీజ్ ఎట్లా పెట్టాలి, తప్పయితే పాతది ఎట్లా తేవాలి అన్నది తెలుగులో ఒక పేజీ రాసి గోడకు అంటించా. ఫిబ్రవరిలో చెర్వుగట్టు జాతరకు పోతూ మూడు రోజులు ఫోను ఆపేస్తున్నానని సార్‌కు చెప్పా. కావాలనే. ఆ మూడు రోజుల్లో బోర్డు మీద రైతు ఊరి పేరు కూడా కనబడాలని మిల్లు నుంచి అడిగారట. అమ్మాయి మార్చింది, గోడ మీద పేజీ చూసుకుంటూ సర్వర్‌లో పెట్టింది. తిరిగొచ్చేసరికి సార్ నన్ను ఏమీ అడగలేదు. ఏప్రిల్‌లో మొదలుపెట్టుకొమ్మన్నాడు.

అంతా బాగానే అయిందని రాస్తే అబద్ధం. బోర్డు బాగా నడిచింది, గేటూ కాంటా ఒకే నెంబరు చూపించాయి. కానీ దింపే షెడ్డులో దెబ్బ తిన్నా. అది రేకుల షెడ్డు, లోపల సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. లైవ్‌వ్యూలో ప్రతి నొక్కుడూ సర్వర్ దాకా పోయి రావాలి. మేస్త్రీ ట్యాబ్ మీద "దింపుడు అయింది" నొక్కుతాడు, ఏమీ కాదు, మళ్ళీ నొక్కుతాడు. నాలుగోసారికి ట్యాబ్ బస్తాల మీద పారేసి నోటితో కేక వేయడం మొదలుపెట్టాడు. రెండు రోజుల తర్వాత ఆ ఒక్క పేజీని మామూలు జావాస్క్రిప్ట్‌తో రాశా: ముందు ట్యాబ్‌లోనే దాచుకుని, సిగ్నల్ వచ్చినప్పుడు పంపేట్టు. ఈ సంగతి నాకు ముందే తెలుసు, ఎక్కడ వద్దంటారోనని అర ఠావులో రాయలేదు. అన్న అది పట్టుకుని నెల రోజులు ఆడుకున్నాడు. మీరు రాయండి. మీ ఫ్రేమ్‌వర్క్ ఎక్కడ పనికిరాదో మీ కాగితంలో మొదట్లోనే రాయండి.

మీ ప్రశ్నలో ఒకటి లేదు. ఫీనిక్స్‌తో మీరు తీర్చాలనుకుంటున్న ఇబ్బంది ఏమిటి? అన్న పెట్టిన ఇరవై సెకన్ల లాంటి చిట్కాతో అది తీరిపోయేదైతే, మీ ఐదుగురి మాటే వినడం మేలు. మాకు ఇరవై సెకన్లు సర్వర్‌ను కాపాడాయి గానీ, గేటుకూ కాంటాకూ తేడా ఇంకా పెరిగింది, అందుకే నాకు రెండోసారి అడిగే అవకాశం వచ్చింది.

తర్వాత ఒక బడి ఫీజుల సాఫ్ట్‌వేర్ వస్తే అదీ ఫీనిక్స్‌లో చేద్దామన్నా. సార్ వద్దన్నాడు, లారావెల్‌లో చేశాం, సరిపోయింది. హాలియా అమ్మాయి అనుకున్నట్టే హైదరాబాద్‌లో జావా ఉద్యోగానికి పోయింది. ఆమె ముందే ఇంకో అబ్బాయికి నేర్పి పోయింది, గోడ మీద పేజీలో రెండు తప్పులు దిద్ది మరీ. 2024 డిసెంబరులో లైవ్‌వ్యూ 1.0 విడుదలైంది. ఆ వార్త అన్నకు వాట్సాప్‌లో పంపా. బోర్డు పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. "ఇగ ఇప్పుడు పెట్టొచ్చు" అని జవాబిచ్చాడు.